పాంటియాక్ వైబ్: పైన జీఎం, లోపల టయోటా

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు కొనబోయే తెలుగువాళ్ళకి ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే. కళ్ళు మూసుకుని కరోలా కొను, లేదంటే సివిక్ కొను. అందరూ అలా కళ్ళు మూసుకునే కొంటారు కాబట్టి, వాటి రేట్లు చూస్తే మన కళ్ళు తెరుచుకుంటాయి. 2011లో మా ఇంట్లో మా ఆయన ఒక్కరి జీతం, ఒక చంటిపిల్లాడు, నాకు అప్పుడే చేతికొచ్చిన లైసెన్సు. మా బడ్జెట్‌కి దొరికే కరోలాలన్నీ అప్పటికే దేశం చుట్టేసి వచ్చినవి.

అలా వెతుకుతుంటే తగిలింది పాంటియాక్ వైబ్. 2005 మోడల్, వెండి రంగు, ఆటోమేటిక్. అదే ఏడాదిది, అన్నే మైళ్ళు తిరిగిన టయోటా మేట్రిక్స్ కంటే పదిహేను వందల డాలర్లు తక్కువ చెబుతున్నారు. తీరా చూస్తే రెండూ ఒకే కారు. ఇంజిన్ కరోలాదే, 1.8 లీటర్లది. గేర్‌బాక్స్ టయోటాదే. ముందు ముక్కు, వెనక లైట్లు, డోర్ల కింద ప్లాస్టిక్ పట్టీలు, మధ్యలో ఎర్ర బాణం ములుకు లాంటి బ్యాడ్జి, ఇవే తేడా. ఆ పదిహేను వందల తగ్గింపు ఆ ఎర్ర బ్యాడ్జి పుణ్యమే. ఎందుకంటే అప్పటికి జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ళ పాంటియాక్ అనే కంపెనీయే లేదు.

కొన్నామని చెప్పగానే మిషిగన్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు ఫోన్‌లో పడీపడీ నవ్వాడు. "అక్కా, చచ్చిపోయిన కంపెనీ కారు కొన్నావా? పార్టులెక్కడ తెస్తావు?" వాడుండేది ట్రాయ్‌లో, కార్ల కంపెనీలకి విడిభాగాలు చేసిచ్చే చోట ఉద్యోగం. అక్కడికి పాంటియాక్ అనే ఊరు పట్టుమని పది మైళ్ళు. ఆ ఊరి పేరే కారుకి పెట్టారు. ఊరికేమో 1763లో ఇంగ్లీషు వాళ్ళ మీద తిరగబడ్డ ఒటావా తెగ నాయకుడి పేరు వచ్చింది. పార్టుల సంగతి ఇప్పుడు నవ్వుకోవచ్చు. ఆయిల్ ఫిల్టర్ దగ్గర్నుంచి ఆల్టర్నేటర్ దాకా కౌంటర్లో కరోలాకనో మేట్రిక్స్‌కనో అడిగితే చాలు, తెచ్చి చేతిలో పెడతారు. బంపర్, హెడ్‌లైట్ లాంటి పాంటియాక్ సొంత ముక్కలు కావాలంటేనే పాత కార్ల యార్డుల వెంట తిరగాలి. మొదటిసారి సర్వీసుకిచ్చినప్పుడు మెకానిక్ బానెట్ ఎత్తి చూసి ఒక్క మాటే అన్నాడు: "ఓ, టయోటా."

ముందు కారు సంగతి చెప్పి, తర్వాత కంపెనీ సంగతికి వస్తాను.

వైబ్ ఎత్తుగా ఉండే హ్యాచ్‌బ్యాక్. చీర కట్టుకుని ఎక్కి దిగడానికి ఇంత అనువైన ఎత్తు కరోలాలో ఉండదు, ఎస్‌యూవీలోనూ ఉండదు. వెనక సీట్లు మడిస్తే నేల చదునైపోతుంది. ముందు పక్కసీటు వీపు కూడా ముందుకి పడుకుంటుంది కాబట్టి నిచ్చెన కూడా పడుతుంది. పిల్లాడి మంచం విడగొట్టి తెచ్చుకున్నాం, ఫ్రెండ్స్ ఇళ్ళు మారితే సామాన్లు మోశాం. వెనక తలుపు మొత్తం ఎత్తక్కర్లేదు, అద్దం ఒక్కటే విడిగా తెరుచుకుంటుంది. ఇరుకు పార్కింగ్‌లో కొత్తిమీర సంచీ లోపల పడెయ్యడానికి అంతకంటే ఏం కావాలి? డ్యాష్‌బోర్డు మీద ఇంట్లో గోడకుండేలాంటి ప్లగ్గు కూడా ఇచ్చారు. లాప్‌టాప్ చార్జర్ వరకూ సరే, రైస్ కుక్కర్ మీద ఆశ పెట్టుకోకండి.

డిక్కీ నేలంతా నున్నటి గట్టి ప్లాస్టిక్, సీట్ల వీపులు కూడా అదే. ఈ కారు నడిపిన వాళ్ళందరూ తిట్టేదీ దీన్నే, పొగిడేదీ దీన్నే. సోనామసూరి బస్తా మలుపు తిరిగినప్పుడల్లా ఈ చివరి నుంచి ఆ చివరికి జారిపోతుంది. సామాను కట్టుకోవడానికి పట్టాలూ కొక్కేలూ ఇచ్చారు గానీ కూరగాయల సంచీలకి తాళ్ళు కట్టే ఓపిక ఎవరికుంటుంది? అయితే ఒక ఉగాది పాట్‌లక్‌కి వెళ్తూ సాంబారు గిన్నె మొత్తం వెనక బోర్లా పడితే, రెండు తడిగుడ్డలతో పావుగంటలో శుభ్రమైపోయింది. కార్పెట్ ఉన్న కారయితే వచ్చే ఉగాదికి కూడా ఇంగువ వాసన పోయేది కాదు.

పరుగు మాత్రం ఆశించొద్దు. 130 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. మేముండే కాలిఫోర్నియా ఫ్రీమాంట్ నుంచి లివర్‌మోర్ గుడికి వెళ్ళాలంటే 680 హైవే మీద సునోల్ గ్రేడ్ అనే కొండ ఎక్కాలి. నలుగురు కూర్చుని ఏసీ వేసుకుంటే ఆ ఎత్తులో ఇంజిన్ గోల పెడుతుంది, వేగం మాత్రం పెరగదు. రోడ్డు చప్పుడు కూడా లోపలికి బాగానే వస్తుంది. స్పీడోమీటర్ని గొట్టాల్లో దిగేసి, ఎర్ర లైట్లు పెట్టి, రేసు కారులా కనిపించాలని చూశారు. నడక కరోలాది, వేషం రేసు కారుది. నిజంగా వేగం కావాలనుకున్న వాళ్ళకి 180 హార్స్‌పవర్‌తో జీటీ అని ఒకటి అమ్మారు, ఆరు గేర్లు మార్చుకోవాలి, నాకు దాని జోలి వద్దు. మామూలు దాంట్లో హైవే మీద గ్యాలన్‌కి ముప్పై మైళ్ళ దరిదాపు వస్తుంది. టైమింగ్‌కి బెల్టు కాదు, చైన్ ఉంటుంది కాబట్టి లక్ష మైళ్ళ దగ్గర పెద్ద ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత ఉపయోగపడే కారు మీద పేరెందుకు బరువైంది?

పాంటియాక్ పుట్టడమే పెద్ద హిట్టు. 1907లో పాంటియాక్ ఊళ్ళో మొదలైన ఓక్లాండ్ అనే కార్ల కంపెనీని 1909లో జనరల్ మోటార్స్ చేజిక్కించుకుంది. 1926లో ఓక్లాండ్‌కి తోడుగా, దానికంటే తక్కువ ధరలో, పాంటియాక్ అని కొత్త పేరుతో న్యూయార్క్ షోలో కారు పెట్టారు. ఆరు సిలిండర్లు, 825 డాలర్లు. మొదటి ఏడాదే 76 వేలకి పైగా అమ్ముడైంది. 1931 వచ్చేసరికి ఓక్లాండ్‌నే ఎత్తేశారు. జీఎం అలాంటి తోడు బ్రాండ్లు ఇంకా పెట్టింది, మార్క్వెట్, వైకింగ్, లాసాల్ అని. అవన్నీ పోయాయి. అమ్మ కంపెనీని మించి బతికింది ఇదొక్కటే.

జీఎంని నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ లెక్క ప్రకారం కొనేవాడి జీతం పెరిగే కొద్దీ కారు మారాలి. ముందు షెవర్లే, తర్వాత పాంటియాక్, తర్వాత ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్, ఆఖర్న క్యాడిలాక్. అంటే కింద నుంచి రెండో మెట్టు మనది. ఆ లెక్క పనిచేయాలంటే మెట్టుకీ మెట్టుకీ తేడా కనపడాలి. ముప్పై ఏళ్ళు పాంటియాక్ గట్టి కారే గానీ, చూస్తే ఆవలింత వచ్చే కారు. 1956లో సీమన్ నడ్సన్ అనే నలభై మూడేళ్ళాయన చేతికి ఇచ్చారు. ఆయన బానెట్ మీది వెండి పట్టీలు పీకేయించాడు, పీట్ ఎస్టెస్, జాన్ డెలోరియన్ అనే ఇంజినీర్లని తెచ్చుకున్నాడు. 1959లో చక్రాలు బయటికి జరిపి కారుని వెడల్పుగా నిలబెట్టారు. రోడ్డు మీద ఆ నిలబడే తీరు చూసే జనం కొన్నారు.

జీటీఓ అనే పాంటియాక్ కారు కథ మా మిషిగన్ తమ్ముడు వంద సార్లు చెప్పాడు. ఆ పేరు ఎత్తితే డెట్రాయిట్ చుట్టుపక్కల ముసలాళ్ళకి కళ్ళు చెమరుస్తాయట. 1963లో జీఎం పై అధికారులు రేసులు మానెయ్యమన్నారు. మధ్యస్థం సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు మించిన ఇంజిన్ పెట్టకూడదని రూలు కూడా ఉంది. డెలోరియన్ బృందం చేసిందేమిటంటే, కొత్త మోడల్‌కైతే పైవాళ్ళ అనుమతి కావాలి, పాత మోడల్‌కి ఆప్షన్ ప్యాకేజీకి అక్కర్లేదు కదా అని, 1964 టెంపెస్ట్ కారులో 389 ఇంజిన్ దించి, దాన్ని జీటీఓ అనే పేరుతో మూడొందల లోపు డాలర్ల ఆప్షన్‌గా ధరల పట్టికలో రాసేశారు. ఐదు వేలు అమ్ముడైతే చాలనుకున్నారు. 32 వేలు దాటాయి. పైవాళ్ళు ఇంకేం అంటారు? అరవైలలో చాలా ఏళ్ళు షెవర్లే, ఫోర్డ్ తర్వాత అమెరికాలో మూడో స్థానం పాంటియాక్‌దే. 1973లో తొమ్మిది లక్షలకి పైగా కార్లు తయారుచేశారు.

పతనం ఎక్కడ మొదలైందంటే చాలామంది 1973 చమురు సంక్షోభం అంటారు. నేను ఒప్పుకోను. పెట్రోలు ధర అందరికీ పెరిగింది. పైగా 1979లో కూడా పాంటియాక్ వాళ్ళ ట్రాన్స్ ఆమ్ కారు లక్షకి పైగా అమ్ముడైంది. నా లెక్కలో అసలు దెబ్బ 1981లో పడింది, పాంటియాక్ సొంతంగా తయారుచేసుకునే ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్ ఆ ఏడాది ఆగిపోయింది. ఆ తర్వాత అన్నీ జీఎం ఉమ్మడి ఇంజిన్లే. ఉమ్మడి చాసిస్, ఉమ్మడి తలుపులు. 1982 మోడల్‌గా జే కారు అని ఒకటి తీశారు. షెవర్లే కవాలియర్, పాంటియాక్ జే2000, ఓల్డ్స్‌మొబీల్ ఫిరెంజా, బ్యూక్ స్కైహాక్, క్యాడిలాక్ సిమరాన్, ఐదు మెట్లకీ అదే కారు. పెళ్ళికి ఒకే తానులోంచి కోసి అన్నదమ్ములందరికీ చొక్కాలు కుట్టించి, గుండీల రంగు మాత్రం మార్చినట్టు. చొక్కాలైతే ఫోటోలో బాగానే ఉంటాయి. క్యాడిలాక్ గుండీల కోసం ఎక్కువ డబ్బు కట్టమంటే మాత్రం ఎవరైనా అడుగుతారు.

ఒక్కసారి మాత్రం తమకంటూ వేరే కారు చేశారు. 1984లో ఫియెరో, ఇద్దరే కూర్చునేది, ఇంజిన్ సీట్ల వెనక. జనం ఎగబడ్డారు. కానీ ఖర్చు తగ్గించుకోవడానికి ముందూ వెనకా సస్పెన్షన్ వేరే మామూలు కార్ల నుంచి ఎత్తుకొచ్చారు, ఇంజిన్లకి నిప్పంటుకున్న కేసులు వచ్చాయి, కార్లని వెనక్కి పిలిచి బాగుచేసే రీకాల్ జరిగింది. తప్పులు దిద్దుకుంటూ వచ్చి, 1988కి ఎట్టకేలకి మంచి సస్పెన్షన్ పెట్టారు. అదే ఏడాది కారు ఆపేశారు! పరీక్ష పాసైన రోజే బడి మాన్పించడం జీఎంకే చెల్లింది.

ఇక మన దగ్గరి చుట్టరికం చెప్పాలి. 1988లో పాంటియాక్ లెమాన్స్ అని అమెరికాలో అమ్మింది నిజానికి కొరియాలో దేవూ వాళ్ళు చేసిన కారు, జర్మనీ ఓపెల్ కడెట్ డిజైన్. ఆ కారునే సోకు మార్చి 1995లో మన దేశంలో దేవూ సియెలో అని అమ్మారు. తెనాలిలో మా పెదనాన్న గారి సియెలోలో ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళామో! అందులో ఏసీకి మా ఊళ్ళో పెద్ద పేరు. చివరి రోజుల్లో పాంటియాక్ జీ3 అని అమ్మింది కూడా ఇండియాలో షెవర్లే ఏవియో యు-వీఏగా మనం చూసిన బండే. ఉత్సాహాన్నే తయారుచేస్తాం అని ప్రకటనలు వేసుకున్న కంపెనీ, ఏవియోకి ముక్కు మార్చి అమ్ముకునే స్థితికి వచ్చింది.

మా తమ్ముడు అమెరికా వచ్చిన కొత్తలో ఎయిర్‌పోర్టులో అద్దె కారంటే పాంటియాక్ గ్రాండ్ ఆమ్ తాళాలు చేతిలో పెట్టేవాళ్ళట. తలుపుల కింద లావుపాటి గాడులున్న ప్లాస్టిక్, లోపల ఎటు చూసినా గుండ్రటి బటన్లు. అద్దెకి తిప్పే కారుని ఎవరు మోజుపడి కొంటారు? తర్వాత 2001 మోడల్‌గా పాంటియాక్ అజ్‌టెక్ వచ్చింది. దాని మొహం గురించి రాయడం అనవసరం, ఒకసారి ఫోటో చూడండి. ఏడాదికి 75 వేలు అమ్ముదామనుకుంటే బాగా అమ్ముడైన ఏడాదిలో కూడా 28 వేలు దాటలేదు. 2004లో ఓప్రా విన్‌ఫ్రీ తన షోలో కూర్చున్న 276 మందికీ తలా ఒక పాంటియాక్ జీ6 కారు ఇప్పించింది. దేశమంతా చూసింది. వాళ్ళు కట్టాల్సి వచ్చిన పన్ను ఏడు వేల డాలర్ల దాకా ఉందని తర్వాత తెలిసింది. జనానికి గుర్తున్నది ఓప్రా, పన్ను. కారు కాదు.

వైబ్ ఈ గుంపులో తప్పిపోయి పుట్టింది. ఇది తయారైంది మా ఊళ్ళోనే, ఫ్రీమాంట్‌లో 880 హైవే పక్కన. ఆ ఫ్యాక్టరీ ముందు జీఎందే. పనివాళ్ళు డుమ్మాలు కొడతారని, గొడవలని చెడ్డపేరు మోసి 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి నుమ్మీ అనే పేరుతో మళ్ళీ తెరిచారు. చాలావరకు ఆ పాత పనివాళ్ళనే తీసుకున్నారు. ఏదైనా లోపం కనపడితే ఎవరైనా సరే తాడు లాగి లైను ఆపమనడం, జట్లుగా పని చేయించడం టయోటా పద్ధతి. కొద్ది కాలానికే జీఎం ఫ్యాక్టరీలన్నిటిలో నాణ్యతకి దీన్నే చూపించేవాళ్ళు. అంటే మనుషుల్లో లోపం లేదని జీఎంకి కళ్ళెదుటే రుజువు దొరికింది. ఆ పాఠాన్ని మిగతా చోట్లకి తీసుకెళ్ళడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. 2002 నుంచి అదే లైను మీద వైబ్ వచ్చేది. కుడిచేతి స్టీరింగ్‌తో టయోటా వోల్ట్‌జ్ అని పేరు పెట్టి జపాన్‌కి కూడా పంపారు. టయోటా వాళ్ళే టయోటా అని నమ్మి అమ్మిన కారు, ఇక్కడ బ్యాడ్జి చూసి జనం చిన్నచూపు చూశారు.

2008లో పాంటియాక్ అమ్మకాలు 2 లక్షల 67 వేలకి పడిపోయాయి. 2009 ఏప్రిల్ 27న, ప్రభుత్వం డబ్బుతో ఊపిరి పీల్చుకుంటున్న జీఎం, పాంటియాక్‌ని ఎత్తేస్తున్నామని ప్రకటించింది. జూన్ 1న దివాలా పిటిషన్ వేసింది. షెవర్లే, క్యాడిలాక్, జీఎంసీతో పాటు బ్యూక్‌ని ఉంచుకుంది. బ్యూక్ ఎందుకని ఇక్కడి కుర్రాళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటారు, కానీ చైనాలో బ్యూక్‌కి అప్పుడున్న గిరాకీ చూస్తే ఆ నిర్ణయం అర్థమవుతుంది. విడ్డూరమేమిటంటే, ఆస్ట్రేలియాలో చేయించి తెచ్చిన జీ8 అనే నిజమైన పాంటియాక్ అప్పుడే వచ్చింది, ఫియెరోకి జరిగిందే దానికీ జరిగింది. ఆ ప్రకటన వచ్చిన ఏడాది లోపే మిషిగన్ ఓరియన్ ఫ్యాక్టరీ నుంచి తెల్ల జీ6 ఒకటి ఆఖరిగా బయటికొచ్చింది. 2010 అక్టోబర్ 31తో డీలర్ల ఒప్పందాలు కూడా ముగిశాయి.

వైబ్ ఆగడంతో నుమ్మీలో జీఎంకి పని లేకుండా పోయి తప్పుకుంది. టయోటా ఒక్కటే నడపలేనంది. 2010 ఏప్రిల్ 1న ఫ్యాక్టరీ మూసేశారు, 4,700 మంది ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది టెస్లా 42 మిలియన్ డాలర్లకి కొనుక్కుంది. ఇప్పుడు మా కాలనీ తెలుగువాళ్ళలో సగం మంది ఇళ్ళ ముందు ఆ ఫ్యాక్టరీ టెస్లాలే. మా వైబ్ కూడా అక్కడిదే అంటే ఎవరూ నమ్మరు.

చచ్చిపోయిన కంపెనీ కారుకి రీకాల్ వస్తే ఎవరు చూస్తారని భయపడేవాళ్ళకి ఒక మాట. తకాటా అనే కంపెనీ చేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లో వైబ్‌లు కూడా ఉన్నాయి. మా దానికి షెవర్లే డీలర్ దగ్గర ఉచితంగా మార్చారు, బ్రాండ్ పోయినా బాధ్యత జీఎందే. కొనే ముందు కారు గుర్తింపు నంబరు (వీఐఎన్) ప్రభుత్వ రీకాల్ సైట్లో కొట్టి ఎయిర్‌బ్యాగు మార్చారో లేదో తప్పకుండా చూడండి. మార్చకపోతే ఆ పని అయ్యాకే నడపండి. ఇన్సూరెన్స్ విషయంలో మాత్రం పాత వైబ్‌కి ఫుల్ కవరేజీ దండగ. చిన్న గుద్దుకి కూడా బాగుచేసే ఖర్చు కారు విలువని దాటి, టోటల్ లాస్ అని రాసేస్తారు.

ఇప్పుడు వెతికేవాళ్ళకి నా సలహా ఇది. 2003, 2004 మాన్యువల్ గేర్ల వాటికి గేర్‌బాక్స్ బేరింగులు పోతాయని పేరుంది, వాటిని వదిలెయ్యండి. 2009 నుంచి వచ్చిన వాటిలో 2.4 లీటర్ ఇంజిన్ ఆయిల్ తాగుతుందంటారు, 1.8 దే చూసుకోండి. ఆల్ వీల్ డ్రైవ్ మంచు పడే ఊళ్ళవాళ్ళకి తప్ప అనవసరం, ఉన్న కాస్త బలం కూడా అది మింగేస్తుంది. 2006 నుంచి 2008 మధ్య మామూలు ఆటోమేటిక్ అన్నిటికంటే నిశ్చింత. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం మీరే చూడండి, అమ్మేవాడి మాట మీద వదలొద్దు. కాలేజీలో చేరిన పిల్లలకి, కొత్తగా నడపడం నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే తక్కువలో ఇంత టయోటా దొరకదు. అమ్మేవాడు "ఇది లోపల టయోటానే తెలుసా" అని మేట్రిక్స్ రేటు చెప్పాడనుకోండి, థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. ఆ రేటుకి మేట్రిక్స్ కొనుక్కోవచ్చు.